తెలుపు ధర

డ్యూటీల కమ్మలుండవు నాకు, గాజులుండవు.
పన్నెండేండ్లయింది, అలవాటే.
ఈ గదికి ఇనుమంటే ఆశ.
పోయినేడు ఒకామె కొప్పుల మరిచిన పిన్ను
తూనీగ లెక్క లేచి
యంత్రం నోట్లె అతుక్కున్నది.

మంగళారం పొద్దున ఓదెలు వచ్చిండు.
ఎనుమాముల మార్కెట్ల హమాలి,
ఇరవై ఆరేండ్ల పత్తి బస్తాలు, ఎండకాలం మిర్చి.
అంగీ మీద పోగులు ఇంక దులుపుకోలే.
సంచిల బస్తా గుంజే కొక్కెం,
మొలతాడుకు పెట్టె తాళంచెవి,
మెడల కాజీపేట దర్గా తాయెత్తు.
"కొక్కెం తీసుకో మేడం, తాయెత్తు ఇయ్య."
లోపల చిన్న మొల ఉన్నదట, వాళ్లవ్వ పెట్టించింది.
చాలాసేపు బేరమాడినం.
ఆఖరికి ఐలవ్వ దాన్ని కొంగున ముడేసుకొని
పసుపు గీత అవతల నిలబడ్డది.
"నీ పానం గీ ముడిలనే ఉంటది, నువ్వు పో" అన్నది.

నిరుటి దాకా ఇది సగం పోలీసు కొలువు.
పీల్చు, వదులు, బిగబట్టు, కదలకు,
మైకుల ఒర్రి ఒర్రి నా గొంతు పోయేది.
మిర్చి దుమ్ము తిన్న ఊపిరితిత్తి
పదిహేను సెకండ్లు ఎక్కడ ఆగుతది?
ఎనిమిదికే దగ్గు.
గుండె బొమ్మ
హుజురాబాదు బస్సుల నిలబడి రాసిన చీటీ.

ఇప్పుడు కొత్త పద్ధతొచ్చింది.
ఆపమనదు. నీ తీరున నువ్వు పీల్చుకో అంటది.
ఈ దడ కాడ ఇంత, ఆ దడ కాడ ఇంత,
చేన్ల కూలి ఆడోళ్లు పగిలిన కాయనే చూసి ఏరినట్టు
వందల దడలల్ల ఏరుకొని
ఒక్క దడను నిలబెడతది.
"ఓదెలన్నా, నీ ఊపిరి నీ ఇష్టం."
"ఇన్నేండ్లకు ఒకరన్నరు ఆ మాట" అన్నడు.

టకటక, డబడబ మొదలైంది.
భయపడ్డడేమో అని మైకు పెట్టి విన్న.
గురక.
జిన్నింగు మిల్లు పక్కన పండుకున్న మనిషికి
ఈ చప్పుడొక లెక్కా!

తెర మీద నెత్తురుకు రంగులొచ్చినయి.
పెద్ద ధమని వంపు తిరిగేకాడ
ఎర్రగ పోయి, పసుపై, ఒక సుడి.
ఎన్నిసార్లు చూసినా అక్కడ నా చెయ్యి ఆగుతది.
తరువాత నరానికి మందు. పది నిమిషాల నిరీక్షణ.
మంచి కండ ఆ మందును కడిగేసుకుంటది,
చచ్చిన కండ పట్టుకొని కూసుంటది.
అందుకే ఇక్కడ
బతికింది నల్లగ,
పోయింది తెల్లగ.

ఎనుమాములల తెలుపుకే ధర.
పిడికెడు పత్తి నలిపి చూసి
పచ్చబారిందంటే క్వింటాకు వందలు కోస్తరు.
ఎంత తెల్లగున్నదో ఈ చిన్న గీత,
ఎడమ గది గోడకు, లోపలి అంచున,
మొదటి ఏరుడు పత్తి లెక్క.

డాక్టర్ నుస్రత్ వేలు పెట్టి కొలిచింది.
"గోడ మందంల పావు దాటలే.
మిగతాది చావలే, పండుకున్నది.
దారి తెరిచి నెత్తురు అందిస్తే లేస్తది."

లేచి కూసున్నంక ఓదెలుకు చెప్పిన.
వేళ్ల మీద లెక్క వేసుకున్నడు.
"చారాణ పోయింది, బారాణ ఉన్నదంటవ్."
"అంతే అన్నా."
"చారాణ కోడికి బారాణ మసాలా అని
ఐలవ్వను తిట్టుకుంట వచ్చిన, ఈ ఫోటో ఖర్చుకు.
కోడి బారాణదే ఉన్నదన్నట్టు."

తాయెత్తు కట్టించుకున్నడు. కొక్కెం సంచిల వేసుకున్నడు.
తలుపు కాడికి పోయి మళ్లొచ్చిండు.
"అన్నీ అయినంక,
బస్తా ఎత్తొచ్చునా మేడం?"

నాలుగు పేజీల రిపోర్టు.
గోడల మందం ఉన్నది, దడకు ఎంత నెత్తురు పోతదో ఉన్నది,
సుడి వేగం ఉన్నది.
బస్తాకు గడి లేదు.

డాక్టరమ్మను అడుగుదువు అన్న.
దుప్పటి దులిపిన, పోగులు లేచినయి.
తరువాతి పేరు పిలిచిన.